నిద్రపట్టని తల్లికి నెమ్మది

(ఆదికాండము 24:63; 25:21–23 చదువుకొనుడి)



ఇస్సాకు రిబ్కాను వివాహము చేసికొన్నప్పుడు అతని వయస్సు 40 సంవత్సరములు. వారికి కవలపిల్లలు పుట్టినప్పుడు అతనికి 60 సంవత్సరములు. ఈ రెండు లెక్కల నడుమ 20 సంవత్సరముల ఎదురుచూపు ఉన్నది. గొడ్రాలను మాట పడుచు, ప్రార్థించుచు, కనిపెట్టుచు గడిపిన సంవత్సరములవి. తుదకు దేవుడు ఆలకించెను, రిబ్కా గర్భవతి ఆయెను. ఇక ఆ గుడారములో సంతోషమే గాని దుఃఖముండదని మనము తలంతుము. అయితే లేఖనము వెంటనే మరియొక సంగతి చెప్పుచున్నది. ఆమె కడుపులో శిశువులు పెనుగులాడిరి. ఆమె ఎంతగా వేసారెననగా, ఇట్లయితే తాను బ్రదుకుట ఎందుకని అడుగునంతగా వేసారెను.

పగటివేళ మందలకు నీళ్లు తోడుచు, రొట్టెలు కాల్చుచు ఉన్నప్పుడు ఈ బాధ కొంత మరుగునపడి యుండవచ్చును. రాత్రి దీపము ఆర్పిన తరువాత ఆమె ఎట్లు గడిపెనో మోషే వ్రాయలేదు. వ్రాయనక్కరలేదు, నెలలు నిండుచున్న ప్రతి తల్లికి అది తెలియును. ఇంటిల్లిపాదియు గురకపెట్టి నిద్రించుచుండగా ఆమె ఒక్కతె కన్నులు తెరచుకొని పైకప్పు చూచుచుండును. ఇటు తిరిగిన నడుము నొప్పి, అటు తిరిగిన ఆయాసము. కునుకు పట్టెనో లేదో బహిర్భూమికి లేవవలెను. మరల వచ్చి పండుకొన్నంతలో కడుపులో బిడ్డ మేలుకొనును. బిడ్డతోపాటు తలంపులును మేలుకొనును. కాన్పు ఎట్లగునో, కోసి తీయవలసి వచ్చునేమో, ఖర్చునకు ఎవరిని అడుగవలెనో, ఆడపిల్ల పుట్టిన యెడల అత్తగారేమందురో అని తెల్లవారువరకు ఆమె తనలో తాను వాదించుకొనుచుండును.

మేము సంఘములలో ఇండ్లు దర్శించునప్పుడు ఇట్టి తల్లులను తరచుగా చూచుచున్నాము. ఆదివారము ఆరాధనలో స్తంభమునకు ఆనుకొని కునుకుపాట్లు పడు గర్భిణిని చూచి కొందరు నవ్వుదురు. కొందరు ఆమెకు భక్తి తక్కువందురు. ఏదో గాలి సోకినదని చెప్పి తాయెత్తు కట్టించువారును మనలో లేకపోలేదు. కావున ఈ నెల ఆమె కొరకును, ఆమె ఇంటివారి కొరకును నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదటి మాట: నిద్రపట్టకపోవుట అవిశ్వాసము కాదు

ఆసాపు దేవుని మందిరములో గాయకుడు. అట్టివాడు దేవుడే తన కనురెప్పలను మూయనియ్యలేదని 77వ కీర్తనలో మొరపెట్టుకొనెను. యోబు యథార్థవంతుడని దేవుడే సాక్ష్యమిచ్చెను. అయినను అతడు తెల్లవారువరకు పడకమీద ఇటు అటు దొర్లుచుంటినని చెప్పెను. విశ్వాసము గలవానికి నిద్ర తప్పక పట్టవలెననుట లేఖనము కాదు, మనుష్యుల మాట. ఆ మాటవలన గర్భిణికి అదివరకున్న భారముమీద మరియొక భారము పడును. నాకు విశ్వాసము లేదు కాబోలునని ఆమె ఆ రాత్రి దానిని గూర్చియు మేలుకొనును.

గర్భిణికి నిద్ర చెడుటకు దేహములోనే కారణములున్నవి. తొలి మాసములలో గర్భమును నిలుపుటకు ప్రొజెస్టెరోన్ అను స్రావము దేహములో హెచ్చగును. దానివలన పగలెల్ల మత్తుగా నుండి, రాత్రి నిద్ర తునకలగును. చివరి మాసములలో గర్భాశయము పెరిగి మూత్రపు సంచిని నొక్కును. అందుచేత మాటిమాటికి లేవవలసి వచ్చును. కడుపులోని పులుపు పైకి ఎగదన్ని రొమ్ము మండును. పిక్కలు పట్టును. ఇవి పాపఫలములు కావు, శాపములు కావు. బిడ్డకు చోటిచ్చుటకు తల్లి దేహము సర్దుకొనుచున్నది, అంతే. గర్భిణికి వచ్చు కలలును అట్టివే. నిద్ర మాటిమాటికి తెగుటవలన కలలు ఎక్కువగా జ్ఞాపకముండును. చెడ్డ కల వచ్చినదని బిడ్డకు కీడు కలుగునని భయపడవద్దు. అది భయపడిన మనస్సు యొక్క నీడయే గాని రాబోవు సంగతికి సూచన కాదు.

దేహమువలన కలుగు బాధకు దేహమునకు తగిన ఉపాయములే చేయవలెను. రాత్రి భోజనము ప్రొద్దుపోకముందే, కొంచెముగా తినవలెను, తిన్నవెంటనే పండుకొనరాదు. రొమ్ము మండుచున్న యెడల తలవైపు ఎత్తు పెట్టుకొనవలెను. నీళ్లు పగలు బాగుగా త్రాగి, పడకకు ముందు తగ్గించుకొనవలెను. సాయంకాలము తరువాత టీ, కాఫీలు మానవలెను. పిక్క పట్టినప్పుడు మోకాలు చాపి పాదపు వ్రేళ్లను తనవైపునకు లాగుకొనిన యెడల కండ వదలును. మోకాళ్ల నడుమ ఒక మడత దుప్పటి, పొట్టక్రింద ఒక మడత చీర పెట్టుకొనిన యెడల నడుమునకు సుఖము.

ఏడవ నెల వచ్చినప్పటినుండి, అనగా 28 వారములు నిండినప్పటినుండి, ప్రక్కకు తిరిగి నిద్రకు ఉపక్రమించవలెను. ఆ మాసములలో వెల్లకిల పండుకొని నిద్రపోవు తల్లులలో బిడ్డ గర్భమందే చనిపోవు అపాయము కొంత ఎక్కువగా నున్నదని 2011లో న్యూజీలాండులో జరిగిన పరిశోధనయు, దాని తరువాత ఇతర దేశములలో జరిగిన పరిశోధనలును చూపినవి. ఎడమప్రక్క మంచిదని సాధారణముగా చెప్పుదురు, కుడిప్రక్క అయినను తప్పు లేదు. మధ్యరాత్రి మెలకువ వచ్చినప్పుడు వెల్లకిల ఉన్నట్లు కనుగొనిన యెడల భయపడవలదు. మెల్లగా ప్రక్కకు తిరిగిన చాలును.

మరియొక సంగతి. పండుకొనగానే కాళ్లు ఊరకుండక జివజివలాడుచు, కదిలించినగాని నిలువకున్న యెడల రక్తములో ఇనుము తక్కువై యుండవచ్చును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో గర్భిణీ స్త్రీలు నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నది. ఉప కేంద్రములో ఉచితముగా ఇచ్చు ఇనుపధాతువు మాత్రలు పెట్టెలో దాచుటకు ఇచ్చినవి కావు. వాటిని దినము విడువక మింగవలెను, టీతో మాత్రము మింగరాదు.

రెండవ మాట: సాయంకాలము పొలములో ఇస్సాకు

దేహమునకు చేయవలసినది చేసిన తరువాత తలంపుల బాధ మిగులును. ఇస్సాకు సాయంకాలమున పొలములోనికి ధ్యానము కొరకు వెళ్లినట్లు మన తెలుగు బైబిలులో చదువుచున్నాము. తల్లి చనిపోయిన దుఃఖము అతనికి ఇంకను తీరలేదు. రిబ్కా ఒంటెలమీద వచ్చుచున్న సంగతి అతనికి తెలియదు. ఆ దినపు పని ముగించి, రేపటి పని తలకెత్తుకొనక, దేవుని యెదుట ఊరకుండుటకు ఆ మనుష్యుడు ఒక చోటును ఒక వేళను ఏర్పరచుకొనెను.

ఇప్పటి వైద్యులు మైండ్‌ఫుల్‌నెస్ అను ఒక అభ్యాసమును చెప్పుచున్నారు. దానిని మన మాటలలో ఎఱుకతో నిలుచుట అనవచ్చును. గడచినదానివెంట పోక, రాబోవుదానికి పరుగెత్తక, ఇప్పుడు జరుగుచున్న సంగతిని, అనగా శ్వాసను, దేహమును, చెవినిబడు శబ్దమును, తీర్పు తీర్చక మెల్లగా గమనించుటయే అది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ అనువాడు నొప్పులతో బాధపడు రోగుల కొరకు దీనిని 8 వారముల పాఠముగా ఏర్పరచెను. 1998లో కాలిఫోర్నియాలో నాన్సీ బార్డాకీ అను మంత్రసాని దీనినే గర్భిణీ స్త్రీలకు కాన్పుభయము తగ్గుటకు నేర్పనారంభించెను. ఇట్టి అభ్యాసమువలన గర్భిణుల కలవరము తగ్గుచున్నదని పలు పరిశోధనలు చూపినవి. నిద్ర విషయములో సాక్ష్యము ఇంకను కొద్దిగానే ఉన్నది గాని అది ఆశ కలిగించునదిగా నున్నది. వారు చెప్పు పడక అలవాట్లకు మాత్రము బలమైన ఆధారమున్నది. 2020లో ప్రచురింపబడిన ఒక అమెరికా పరిశోధనలో నిద్రపట్టని గర్భిణులు 208 మంది చేరిరి. పడక అలవాట్లను, నిద్రను గూర్చిన భయములను సరిదిద్దు పాఠములు నేర్చుకొన్నవారికి మందులు లేకయే నిద్ర బాగుపడెను.

ఇచ్చట కొందరు విశ్వాసులు అడుగుదురు: అయ్యగారూ, శ్వాసను గమనించుట బౌద్ధుల పద్ధతి గదా, మనము చేయవచ్చునా? అడుగుట మంచిదే. దాచకుండ చెప్పవలెను. బౌద్ధులు దీనిని బహుకాలమునుండి అభ్యసించిరి. కబట్-జిన్ వారియొద్దనే నేర్చుకొని, మతాచారములు లేకుండ వైద్యశాలకు తెచ్చెను. వారికి మనము కృతజ్ఞులమై యుండవలెను. అయితే శ్వాస ఏ ఒక్క మతమువారి ఆస్తియు కాదు. మంటితో చేయబడిన మనుష్యుని నాసికారంధ్రములలో జీవవాయువును ఊదినవాడు దేవుడే. ఆయన ఇచ్చినదానిని గమనించుట పాపమెట్లగును?

మన ప్రభువు చింతను గూర్చి కొండమీద ప్రసంగించినప్పుడు ఏమి చేసెనో చూడుడి. చింతింపకుడని చెప్పి ఆయన ఊరకుండలేదు. చింతించకుము అని చెప్పినంతమాత్రమున ఎవని చింత పోయినది? ఆయన వారి కన్నులను ఆకాశపక్షుల వైపు త్రిప్పెను. అడవిపువ్వులు ఎట్లు పెరుగుచున్నవో ఆలోచింపుమనెను. రేపటి సంగతి రేపటికి విడువుమనెను. ఎదుట నున్నదానిని నిదానముగా చూచుటయే ఆయన చింతాక్రాంతులకు ఇచ్చిన మందు. ఆ పువ్వునకు రంగు వేసినవాడు నీ తండ్రి అని తెలిసికొనుటవలన ఆ చూపు ప్రార్థన యగుచున్నది. వైద్యుల అభ్యాసమునకు మన విశ్వాసము చేర్చునది ఇదియే. వారు శ్వాసను గమనింపుమందురు. మనము దానిని గమనించుచు, ఇచ్చినవానిని జ్ఞాపకము చేసికొందుము.

అమ్మా, ఇది ఎట్లు చేయవలెనో వినుము. చదువు రానివారును చేయవచ్చును.

పడకమీద ప్రక్కకు తిరిగి పండుకొనుము. ఒక చేయి పొట్టమీద ఉంచుము. రేపటి భారమును రెండు మూడు మాటలలో ప్రభువునకు చెప్పి అప్పగించుము. పొడవైన ప్రార్థన అక్కరలేదు. తరువాత శ్వాసను గమనించుము. బిగబట్టవద్దు, బలవంతముగా లాగవద్దు. లోపలికి వచ్చునప్పుడు ముక్కుపుటములయొద్ద చల్లదనము, బయటికి పోవునప్పుడు వెచ్చదనము, చేతిక్రింద పొట్ట లేచుట, దిగుట, వీటిని ఊరక చూచుచుండుము. విడుచు శ్వాసను కొంచెము నిదానముగా పోనిమ్ము. అప్పుడు దడదడలాడు గుండెయు నెమ్మదించును.

నాలుగు శ్వాసలు గడవకముందే మనస్సు పారిపోవును. అప్పులవాడు జ్ఞాపకము వచ్చును, ఆస్పత్రి జ్ఞాపకము వచ్చును. అప్పుడు నిన్ను నీవు తిట్టుకొనవద్దు. ఆ తలంపుతో వాదమునకు దిగవద్దు. భయము వచ్చినది అని మనస్సులో దానికి పేరు పెట్టి, మరల శ్వాసయొద్దకు రమ్ము. పలుపు తెంపుకొన్న లేగదూడను ఏమి చేయుదుము? కొట్టము. వీపు నిమిరి మెల్లగా తోలుకొని వచ్చి గుంజకు కట్టుదుము. అది మరల తెంపుకొనును, మరల తోలుకొని వత్తుము. ఒక్క రాత్రిలో ఇరువదిమార్లు తోలుకొని రావలసినను అది ఓటమి కాదు. ఆ తోలుకొని వచ్చుటయే అభ్యాసము.

తరువాత పాదములయొద్దనుండి మొదలుపెట్టి దేహమంతటిని ఒక్కొక్కటిగా గమనించుము. పగలెల్ల మడిలో నిలిచిన పాదములు, నీటిబిందె మోసిన నడుము, పొయ్యి యొద్ద వంగిన భుజములు, బిగుసుకొన్న దవడలు, వీటినన్నిటిని వరుసగా తలంచుకొని సడలింపుము. ఒక్కొక్క అవయవముయొద్ద, ప్రభువా, ఈ దినము దీనిని నడిపితివి, వందనములు అని చెప్పుకొనవచ్చును. బిడ్డ కదలిన యెడల, నిద్ర చెడినదని విసుగుకొనక, ఆ కదలికను కూడ గమనించుము. నీవు మేలుకొనియున్న ఆ గడియలో నీవు ఒంటరిదానవు కావు.

దీనివలన నిద్ర పట్టవలెనని పట్టుదల పట్టవద్దు. నిద్ర పిచ్చుకవంటిది, పట్టుకొనబోయిన ఎగిరిపోవును, ఊరకున్న వాకిట వాలును. సుమారు 20 నిమిషములైనను నిద్ర రానియెడల మెల్లగా లేచి, చిన్న దీపము వెలుతురులో కూర్చుండుము. తెలిసిన కీర్తన ఒకటి మెల్లగా తలంచుకొనుము. కన్నులు బరువైనప్పుడు మరల పండుకొనుము. గడియారము చూడవద్దు. సెల్‌ఫోను అసలే తీయవద్దు. దాని వెలుతురును దానిలోని కబుర్లును నిద్రకు శత్రువులు. పగటివేళ కూడ దినమునకు పది నిమిషములు ఈ అభ్యాసము చేయవలెను. ఈత పగలు నేర్చుకొన్నవాడే రాత్రి ఏరు దాటగలడు. శ్వాసను గమనించినప్పుడు గుండెదడ హెచ్చిన యెడల దానిని విడిచి, కన్నులు తెరచి, చాప స్పర్శనో, దూరపు శబ్దమునో గమనించుము. ఎవరికి ఏది సరిపడునో దానినే చేయవలెను.

మూడవ మాట: ఇంటివారి కర్తవ్యము

ఇస్సాకు తన భార్య విషయమై దేవుని వేడుకొనెనని లేఖనము చెప్పుచున్నది. భర్తలారా, ఈ మాట గమనింపుడి. గర్భము ఆమెది, ప్రార్థన మాత్రము ఇద్దరిది. నీవు రాత్రి త్రాగి వచ్చి కేకలు వేయుచుండగా ఆమె శ్వాసను ఎట్లు గమనించును? ఇంటిలో సమాధానము లేనప్పుడు గర్భిణికి ధ్యానము చేయుమని చెప్పుట, చిల్లికుండ ఇచ్చి నీళ్లు తెమ్మని చెప్పినట్లుండును.

అత్తమామలారా, యాకోబు ఏశావుతో చెప్పిన మాట జ్ఞాపకము చేసికొనుడి. పిల్లలు పసివారని, పాలిచ్చు పశువులు మందలో ఉన్నవని, ఒక్కదినము వడిగా తోలినను అవి చచ్చునని చెప్పి, వాటి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. పశువులకు ఆ దయ చూపిన ఇంటిలో కోడలికి చూపవలదా? నెలలు నిండిన స్త్రీచేత మిరపకాయల బస్తాలు మోయించి, ఇంటికి వచ్చిన తరువాత పదిమందికి వండించి, రాత్రి నిద్రపట్టలేదని చెప్పిన యెడల మేము కనలేదా, మాకు ఈ సుఖములున్నవా అని దెప్పుట క్రైస్తవ గృహమునకు తగదు. గర్భిణి రాత్రి 8 గంటలు, పగలు 2 గంటలు విశ్రమించవలెనని ప్రభుత్వమువారు ఇచ్చు తల్లీబిడ్డల రక్షణ కార్డులోనే ఉన్నది. ఆ పగటి విశ్రాంతి మధ్యాహ్న భోజనమైన వెంటనే ఇచ్చుట మేలు. ప్రొద్దుగూకువేళ నిద్రించిన యెడల రాత్రి నిద్ర చెడును. ఆమె పండుకొను గదిలో టీవీ ఆర్పుడి. దోమతెర కట్టుడి. మరుగుదొడ్డి దారిలో ఒక దీపముంచుడి. అర్ధరాత్రి చీకటిలో తడవుకొనుచు పోవలసిన భయము తగ్గినను సగము నిద్ర తిరిగి వచ్చును.

ఆడపిల్ల అయిన యెడల ఏమి చేతుమని ఆమె చెవినిబడునట్లు మాటలాడువారు, తాము ఒక తల్లి నిద్రను దొంగిలించుచున్నామని తెలిసికొందురు గాక. ఆడబిడ్డయైనను మగబిడ్డయైనను గర్భములో నిర్మించువాడు దేవుడే. ఆయన చేతిపనిని తూకము వేయుటకు మనమెవరము?

మరియ గర్భము ధరించినప్పుడు త్వరపడి కొండసీమకు ఎలీసబెతునొద్దకు వెళ్లెను. ఎలీసబెతునకు అప్పటికి ఆరవ నెల. ఇద్దరు గర్భిణులు, ఒకతె వయస్సు మళ్లినది, ఒకతె చిన్నది, ఇంచుమించు మూడు నెలలు ఒకే యింట ఉండిరి. ఒకరి భయము ఒకరు వినిరి, ఒకరి సంతోషము ఒకరు పంచుకొనిరి. మన స్త్రీల సమాజములు ఈ పని ఎందుకు చేయరాదు? వారమునకొకసారి పాస్టరమ్మగారు గాని బైబిలు స్త్రీ గాని గ్రామములోని గర్భిణులను ఒకచోట కూర్చుండబెట్టి, పది నిమిషములు మౌనముగా శ్వాసను గమనింపజేసి, ఒక కీర్తన చదివి, ఎవరి బాధ వారిని చెప్పుకొననిచ్చిన యెడల అది ఒక గొప్ప పరిచర్య. కులమును సంఘమును చూడక పిలువుడి. నిద్రపట్టని కన్నులకు సంఘభేదము లేదు.

నాలుగవ మాట: అడుగుటకు వెళ్లుడి

రిబ్కా బాధను మనస్సులో పెట్టుకొని ఊరకుండలేదు; అడుగుటకు వెళ్లెను. దేవుని అడుగుటకును వైద్యుని అడుగుటకును విరోధము లేదు. మన తెలుగు దేశపు సంఘములకు ఇది క్రొత్త సంగతి కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు 1898లో అచ్చట స్త్రీల కొరకు ఆస్పత్రి తెరచిరి. ప్రార్థించుటకు వచ్చిన చేతులే కాన్పులు చేయుటకు సబ్బుతో కడుగబడినవి.

కావున ఈ సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకబారుట, ముఖము చేతులు ఉబ్బుట, రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, జ్వరము, ఫిట్లు, బిడ్డ కదలిక తగ్గుట, వీటిలో ఏది కనబడినను అది శ్వాసను గమనించు వేళ కాదు. తెల్లవారువరకు ఆగక, అదే రాత్రి 108 వాహనమును పిలిచి ఆస్పత్రికి వెళ్లవలెను. రాత్రులయందు అరచేతులు, అరికాళ్లు విపరీతముగా దురదపెట్టుచున్న యెడల అది కాలేజపు జబ్బునకు గుర్తు కావచ్చును, డాక్టరుకు చెప్పవలెను. నిద్రలో గట్టిగా గురకపెట్టి, ఊపిరి ఆగినట్లు ఉలికిపడి లేచుచున్నను చెప్పవలెను. నిద్రమాత్రలు డాక్టరు చెప్పక మింగరాదు. 2016నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులను ఉచితముగా పరీక్షించు ఏర్పాటు ఉన్నది. ఆశా కార్యకర్తను అడిగి ఆ దినమున తప్పక వెళ్లుడి; నిద్రపట్టని సంగతియు అచ్చట నోరు తెరచి చెప్పుడి.

రెండు వారములకు మించి నిద్ర లేక, దుఃఖము విడువక, దేనియందును ఇష్టము లేక, చచ్చిపోయిన బాగుండునను తలంపు వచ్చుచున్న యెడల అది మనస్సునకు వచ్చిన జబ్బు. దానిని దాచవద్దు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొన్నప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు. అతనిని నిద్రపోనిచ్చెను. దూతను పంపి, తట్టి లేపి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చెను, మరల తినిపించెను. ఆ తరువాతనే మెల్లని స్వరముతో మాటలాడెను. ఇట్టి బాధలో నున్నవారికి 2022నుండి టెలీమానస్ అను ప్రభుత్వ సహాయము కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన యెడల ఖర్చు లేకుండ తెలుగులోనే మాటలాడుదురు. ఆ ఫోను చేయించువాడు ఆమెకు ఏలీయా యొద్దకు వచ్చిన దూతవంటివాడు.

ముగింపు

ఇప్పుడు రిబ్కాయొద్దకు మరల పోదము. ఆమె అడిగినప్పుడు దేవుడు ప్రత్యుత్తరమిచ్చెను. అయితే కడుపులోని పెనుగులాట ఆగెనని లేఖనము చెప్పలేదు. ఆమె నెలలు నిండువరకు ఆ ఇద్దరిని మోయవలసియే వచ్చెను. ఆమెకు దొరికినది ఒక మాట. ఈ పెనుగులాట అర్థములేనిది కాదని, ఇది దేవునికి తెలిసియే యున్నదని ఆమె తెలిసికొనెను. ఆ మాటను పట్టుకొని ఆమె మిగిలిన రాత్రులను గడిపెను.

అమ్మా, నీకును ఇంతే చెప్పగలము. ఈ అభ్యాసము చేసిన ప్రతి రాత్రి నిద్ర వచ్చునని మేము వాగ్దానము చేయము. కొన్ని రాత్రులు వచ్చును, కొన్ని రాత్రులు రాదు. నిద్ర రాని రాత్రికూడ నీవు దానితో యుద్ధము చేయక పండుకొనియున్న యెడల దేహము కొంత విశ్రమించును, మనస్సు కొంత తేలికపడును. తుపానులో ప్రభువు పడవ అమరమున తలగడమీద తల వాల్చి నిద్రించెను. అలలు ఆగిన తరువాత కాదు, అలలు కొట్టుచుండగానే ఆయన నిద్రించెను. నీవు నిద్రించినను మేలుకొనియున్నను నిన్ను కాయువానికి కునుకుపాటు లేదు. ఇంటిలో ఒకరు మేలుకొని కావలి కాయుచున్నప్పుడు తక్కినవారు కన్నులు మూయవచ్చును గదా.

ప్రార్థన: మా శ్వాసకు కర్తవైన తండ్రీ, ఈ రాత్రి మా సంఘములలో గర్భము మోయుచు మేలుకొనియున్న ప్రతి తల్లిని జ్ఞాపకము చేసికొనుము. ఆమె దేహమునకు విశ్రాంతియు, ఆమె తలంపులకు నెమ్మదియు దయచేయుము. ఆమె ఇంటివారి మాటలను మృదువుగాను, చేతులను సహాయకరముగాను చేయుము. వైద్యులకును మంత్రసానులకును వివేకమిమ్ము. నిద్ర వచ్చిన యెడల నీ వరమని వందనము చెప్పుటకును, రాని యెడల నీ సన్నిధియందు ఊరకుండుటకును ఆమెకు నేర్పుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.